మౌత్‌గార్డ్‌ను ఇంట్లో అచ్చు వేసుకునే ముందు జాగ్రత్తలు

☐ మౌత్‌గార్డ్ అంటే ఆటలో పళ్ళకు దెబ్బ తగలకుండా నోట్లో పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగు. ముందు దాని రకం చూసుకోండి. రెడీమేడ్‌గా వచ్చేది వదులుగా ఉంటుంది, దాన్ని పళ్ళతో నొక్కి పట్టుకోవాలి. డెంటిస్ట్ కొలత తీసి చేసేది అన్నిటికన్నా బాగా పడుతుంది. వేడి నీళ్ళలో మెత్తబరిచి, నోట్లో పెట్టి కొరికి పళ్ళ అచ్చు వేసుకునే రకానికి మాత్రమే ఈ జాగ్రత్తలు. రాత్రి పళ్ళు కొరికేవాళ్ళ నైట్ గార్డ్ వేరు, దాన్ని ఆటకు వాడకండి.

☐ నోట్లో క్లిప్పులు ఉన్నా, పళ్ళు కదులుతున్నా, పిల్లలకు పాలపళ్ళు ఊడుతున్నా ఇంట్లో ప్రయత్నించవద్దు, డెంటిస్ట్‌ను అడగండి. క్లిప్పుల మీద అచ్చు వేస్తే ప్లాస్టిక్ వాటి సందుల్లోకి వెళ్ళి ఇరుక్కుంటుంది. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళుంటే ముందే తీసేయండి.

☐ పళ్ళు తోముకోండి. అద్దం, గడియారం, పట్టకారు, చల్లటి నీళ్ళు దగ్గర పెట్టుకోండి.

☐ వేడి నీళ్ళలో ఎంతసేపు ఉంచాలో ప్యాకెట్ మీద చదవండి, కంపెనీని బట్టి అది మారుతుంది. ఎక్కువసేపు ఉంచితే ఆకారం పాడవుతుంది. మరిగే నీళ్ళలోంచి తీసి నేరుగా నోట్లో పెట్టుకోకండి, చిగుళ్ళు కాలతాయి. పిల్లలకైతే నీళ్ళ పని పెద్దవాళ్ళే చూడాలి.

☐ మరీ గట్టిగా కొరకొద్దు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. దెబ్బ బలాన్ని పీల్చుకుని పంచేది ఆ ప్లాస్టిక్ మందమే. కొరికి పలచన చేస్తే పళ్ళకూ పెదవులకూ రక్షణ తగ్గిపోతుంది.

☐ చల్లారాక నోరు తెరిచి చూడండి. జారిపోయినా, ఊపిరికి అడ్డమైనా, వాంతి వచ్చేలా ఉన్నా ఆటకు పెట్టుకోవద్దు.