అమ్మ బతుకును రాసిపెట్టుకోవడం ఎలా

"నీ జీవితం గురించి చెప్పమ్మా" అని మాత్రం అడగకండి. నేను అలాగే అడిగాను, నల్లగొండలో మా వంటింటి గడప దగ్గర కొత్త నోటుపుస్తకం తెరిచి కూర్చుని. "నాకేముంది బిడ్డా చెప్పడానికి? వండాను, పెట్టాను, మీ ముగ్గురినీ పెంచాను" అని లేచి పాలు పొయ్యి మీద పెట్టింది. డెబ్బై ఏళ్ల బతుకు మూడు ముక్కల్లో అయిపోయింది.

మనిషిని అడగకుండా వస్తువును అడగాలని నాకు ఇత్తడి బిందె నేర్పింది. మన ఇళ్లలో పెళ్లి సామాను మీద ఇచ్చినవాళ్ల పేర్లు చెక్కిస్తారు కదా. అటక మీది బిందెను దింపి చింతపండుతో తోముతుంటే అక్షరాలు తేలాయి. "ఈమె ఎవరమ్మా?" అన్నాను, అంతే. అది అమ్మ మేనత్త పేరు. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చి, ఆముదపు చేలలో కూలి చేసి దాచుకున్న డబ్బుతో మేనకోడలికి ఆ బిందె కొన్నదట. ఆమె మాట మా ఇంట్లో అంతవరకు ఎవరూ ఎత్తలేదు. కాబట్టి ముందు సందుగ తెరవండి, అటక దులపండి, గిన్నెల అడుగులు చదవండి.

తేదీల కోసం అమ్మను విసిగించవద్దు. ఆధార్‌లో మా అమ్మ పుట్టినరోజు జనవరి 1. అది ఎవరో నింపిన తేదీ. "నెహ్రూ సాగర్‌కు పునాదిరాయి వేసినప్పుడు నేను ఉయ్యాలలో ఉన్నానట" అంటుంది. నాగార్జునసాగర్‌కు ఆ రాయి వేసింది 1955 డిసెంబరు 10న. ఆమె పెళ్లి "తెలంగాణ కోసం బడులు మూసిన ఏడాది", అంటే 1969. పద్నాలుగేళ్లు కూడా నిండలేదన్న సంగతి ఆ లెక్క వేసినప్పుడే నాకు తగిలింది. ఇంకా పెద్దవాళ్లయితే రజాకార్ల కాలం, 1948 పోలీసు చర్య గుర్తులవుతాయి. తర్వాతివాటికి రెండు రూపాయల బియ్యం వచ్చిన 1983 మంచి కొండగుర్తు. పాలమూరు వైపు వాళ్లయితే ఇంట్లోవాళ్లు బొంబాయికి వలస వెళ్లిన ఏడాదిని, శ్రీశైలం నీళ్లు ఊళ్లను ముంచిన ఏడాదిని పట్టుకోండి. ఆమె చెప్పిన మాట, మీరు వేసిన లెక్క రెండూ పక్కపక్కన రాయండి. ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని కొట్టేయవద్దు.

కాగితాలూ వెతకండి, కానీ వాటి మీద పెద్ద ఆశ పెట్టుకోకండి. 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఊరి భూముల పాత రికార్డు, నకలు తీయిస్తే తాత పేరు, సర్వే నంబరు దొరికాయి. అదే చేలో కలుపు తీసిన అమ్మమ్మ పేరు నాకు దొరికిన ఏ కాగితంలోనూ లేదు.

మరి ఆడవాళ్ల లెక్క ఎక్కడుంటుంది? పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు ఒడిలో పోసే ఒడిబియ్యంలో. ఎన్నిసార్లు పోశారు, ఏ చీర పెట్టారు, ఎవరు వచ్చారు, ఎవరు రాలేకపోయారు అని ఒక్కొక్కటే అడగండి. మా అమ్మకు ఐదుసార్లు పోశారు. మొదటి రెండుసార్లు తాత ఉన్నాడు. మూడోసారికి లేడు, మామ ఒక్కడే వచ్చాడు. ఆ ఏడు వానలు లేవు. ఒడిలో పోసిన బియ్యం అప్పు తెచ్చినవని తర్వాత వదిన నోట విన్నదట. "మీ మామకు ఇప్పటికీ తెలియదు, నాకు తెలుసని" అన్నది. నలభై ఏళ్లు దాచిన మాట అది. ఆ చీర రంగు అడిగినందుకు బయటికొచ్చింది.

నీళ్ల గురించి తప్పక అడగండి, అంకెలతో సహా. ఎంత దూరం, ఎన్ని బిందెలు, ఏ బావి? అమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. పొద్దున నాలుగు, సాయంత్రం మూడు బిందెలు. అమ్మమ్మ నడుము వంగిపోయింది ఫ్లోరైడ్ నీళ్ల వల్లనని తర్వాత మేము తెలుసుకున్నాం. ఆమె మాత్రం ఎముకల నొప్పులనే అనుకుంటూ పోయింది.

పని చేతిలో ఉన్నప్పుడే మాట వస్తుంది. చింతపండు గింజ తీస్తున్నప్పుడో, పల్లికాయ ఒలుస్తున్నప్పుడో పక్కన కూర్చోండి, మీరూ ఒలవండి. అడిగి, ఒప్పుకున్నాకే ఫోనులో రికార్డు చేయండి. ఫ్యాను ఆపండి. మొదట తేదీ మీరే పలకండి. అరగంట చాలు. ఆ రాత్రే రాసుకోండి, ఆమె మాటను మీ పుస్తకాల భాషలోకి మార్చకుండా. రికార్డును ఇంకో చోట కూడా దాచండి. చిన్నమ్మను విడిగా అడగండి. ఇద్దరి ముందూ ఒకేసారి అడిగితే పెద్దామె మాటే నిలుస్తుంది.

నోటుపుస్తకంలో కుడి పేజీలోనే రాయండి. ఎడమ పేజీ ఆమె దిద్దుబాట్లకు. రాసింది ఆమెకు చదివి వినిపించినప్పుడే అసలు పని మొదలవుతుంది. జొన్న గటక అని రాసినచోట "ఆ ఏడు జొన్నలెక్కడివి, తవుడు కలిపిన రొట్టె" అని ఆపింది. ఇంకో పేజీలో "ముగ్గురు పిల్లలు" అని చదివాను. కాసేపు మాట్లాడలేదు. "నలుగురు అని రాయి" అన్నది. నాకూ తమ్ముడికీ మధ్య ఒక బాబట. తొమ్మిది రోజులు ఉన్నాడు. పేరు పెట్టే ఇరవై ఒకటో రోజు దాకా రాలేదు. నేను ఇంకేమీ అడగలేదు. మూడును కొట్టి నాలుగు రాశాను. ఎడమ పేజీలో ఆ వరుసకు ఎదురుగా చోటు వదిలాను.