మొదటి పాత మెకానికల్ కీబోర్డు కొనేముందు

పాత మెకానికల్ కీబోర్డు కొనాలనుకునే ప్రతివాళ్లూ ముందు స్విచ్ గురించే, అంటే ప్రతి కీ కింద విడిగా ఉండే మీట గురించే అడుగుతారు. బ్లూ మంచిదా, బ్లాక్ మంచిదా, ఐబీఎం స్ప్రింగు మంచిదా అని. నన్నడిగితే ముందు వైరు చివర ఏముందో చూడమంటాను. ప్లగ్గు మీ కంప్యూటరుకి కుదరకపోతే స్విచ్ ఎంత గొప్పదైనా ఆ కీబోర్డు అటక మీదికే పోతుంది.

నేను విద్యానగర్‌లో కూర్చుని రోజంతా తెలుగు టైప్ చేస్తాను. పుస్తకాలు, అనువాదాలు, థీసిస్‌లు, అప్పుడప్పుడూ పెళ్లి కార్డులు. రెండు మూడు గంటలు ఆపకుండా కొట్టేవాళ్లకి కీ కిందికి దిగే తీరు చాలా ముఖ్యం. మెత్తటి రబ్బరు కీల మీద అక్షరం పడిందో లేదో తెలియక ప్రతిదీ అడుగుదాకా గుద్దుతాం. సాయంత్రానికి వేళ్లు నొప్పెడతాయి. మంచి మెకానికల్ కీ సగం దారిలోనే అక్షరం పడిందని వేలికి చెప్పేస్తుంది. పాతవాటి మీద నాకున్న ఇష్టం అంతా అక్కడే ఉంది. బల్ల మీద అందంగా కనిపించడం కోసం కొనేవాళ్లు ఎలాగైనా కొనుక్కోవచ్చు. రాసుకోవడానికి కొనేవాళ్ల కోసం ఇది.

వైరు సంగతి. పెద్ద గుండ్రటి 5 పిన్నుల ప్లగ్గు ఉంటే అది 80ల నాటి పద్ధతి. ఇందులో ఒక మెలిక ఉంది. 1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీ కీబోర్డుకీ (దీన్నే ఎక్స్‌టీ రకం అంటారు), 1984లో వచ్చిన ఏటీ కీబోర్డుకీ ప్లగ్గు చూడటానికి ఒకటే, లోపల సిగ్నల్ పద్ధతి మాత్రం వేరు. ఏటీ రకమైతే మామూలు అడాప్టరుతో పీఎస్/2లోకి వెళ్లిపోతుంది. ఎక్స్‌టీ రకమైతే లోపల చిప్ ఉన్న ప్రత్యేకమైన కన్వర్టర్ కావాలి. కొన్ని కంపెనీల కీబోర్డులకి అడుగున ఎక్స్‌టీ, ఏటీ అని మార్చుకునే చిన్న స్విచ్ ఉంటుంది, తిప్పి చూడండి.

చిన్న గుండ్రటి 6 పిన్నులదైతే అది పీఎస్/2. 1987లో ఐబీఎం అదే పేరుతో తెచ్చిన కంప్యూటర్లతో మొదలైంది. మొదటిసారి కొనేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఇప్పటికీ చాలా డెస్క్‌టాప్ మదర్‌బోర్డులకి ఆ రంధ్రం ఉంటుంది. ల్యాప్‌టాప్ అయితే యూఎస్‌బీ కన్వర్టర్ కావాలి. అందులోనూ లోపల చిప్ ఉన్నదే అడగాలి. పాత మౌసులతో ఉచితంగా వచ్చే బొటనవేలంత జాయింట్ ముక్కలో ఉండేది వైర్లే. అది పీఎస్/2, యూఎస్‌బీ రెండు పద్ధతులూ తెలిసిన కీబోర్డులకే పనికొస్తుంది, నిజంగా పాతవాటికి పనికిరాదు. ఇంకోమాట, కంప్యూటర్ నడుస్తుండగా పీఎస్/2 ప్లగ్గు పెట్టడం, పీకడం చేయకండి. ఆపేసి పెట్టి, అప్పుడు ఆన్ చేయండి.

టెలిఫోన్, నెట్‌వర్క్ తీగలా చదరపు ప్లగ్గు ఉన్నవీ, 122 కీలున్నవీ పెద్ద కంప్యూటర్ల టెర్మినల్స్ కోసం చేసినవి. చూడటానికి చాలా బాగుంటాయి. మొదటిసారికి వద్దు.

ఇక హైదరాబాదులో ఏం దొరుకుతుంది? మన ఊళ్లో మొదటి పాత కీబోర్డుగా నేను వెతకమనేది టీవీఎస్ గోల్డ్. డీటీపీ సెంటర్లలో, పత్రికాఫీసుల్లో, టైపింగ్ పని ఎక్కువుండే ఆఫీసుల్లో ఏళ్ల తరబడి మోగింది అదే. అందులో ఉండేవి జర్మనీ కంపెనీ చెర్రీ చేసిన ఎంఎక్స్ బ్లూ స్విచ్‌లు. విదేశాల్లో వాటికోసం ఎంత తాపత్రయపడతారో తెలియకుండానే మనవాళ్లు పెళ్లి పత్రికలు, ప్రశ్నపత్రాలు కొట్టి పక్కన పడేశారు. చిక్కడపల్లి, నారాయణగూడ వైపు డీటీపీ సెంటరు మూసేస్తున్నారని తెలిస్తే వెళ్లి అడగండి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీకి వెళ్తే, మెరిసే కొత్త షాపుల్లో కాకుండా పాత మానిటర్లు, రిపేరు బోర్డులు పేర్చి ఉన్నచోట అడగండి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో, గురువారం జుమ్మేరాత్ బజార్‌లో కూడా తగలొచ్చు, కానీ అక్కడ పెట్టి చూసే వీలుండదు. ధర కూడా దానికి తగ్గట్టే ఇవ్వాలి.

టీవీఎస్ గోల్డ్ ఇప్పటికీ కొత్తది అమ్ముతున్నారు కాబట్టి పాతదని చెప్పింది నిజంగా పాతదేనా అని సందేహం వస్తుంది. రూపాయి గుర్తు చూడండి. ₹ గుర్తును మన ప్రభుత్వం ఆమోదించింది 2010 జూలైలో. కీ మీద ఆ గుర్తు అచ్చై ఉంటే కీబోర్డు ఆ తర్వాతిది. అలాగే విండోస్ కీ అనేది 90ల నడుమ నుంచి వచ్చింది. అది లేకుండా 101 కీలే ఉంటే డిజైను అంతకుముందుది.

ఇప్పుడు అసలు పని, చేత్తో చూడటం. షాపులో "అన్నా, ఒక్క కీ పైకి తీసి చూస్తా" అని అడగండి. ఊరికే పాత గోధుమరంగు కీబోర్డు కనిపిస్తే చాలు మెకానికల్ అనేస్తారు, అందుకని తీసి చూడాల్సిందే. స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి, కీ అంచు విరుగుతుంది. రెండు జెమ్ క్లిప్పులు వంచి కీకి రెండువైపులా దూర్చి నిటారుగా లాగితే వచ్చేస్తుంది. ఎంఎక్స్ బ్లూ అయితే కింద నీలం రంగులో ప్లస్ ఆకారపు కాడ కనిపిస్తుంది, దాని పక్కనే స్విచ్ మీద చెర్రీ పేరు ఉంటుంది. వేలుగోటితో ఆ నీలం కాడని మెల్లగా నొక్కండి. లోపల దానితో పాటు ఒక తెల్లటి చిన్న ముక్క దిగుతుంది. సుమారు 2 మిల్లీమీటర్లు దిగాక ఆ తెల్ల ముక్క ఒక్కసారిగా కిందికి జారుతుంది. టక్‌మనే శబ్దం అదే. మొత్తం దిగే లోతు 4 మిల్లీమీటర్లు. అంటే సగం దారిలోనే అక్షరం పడిపోతుంది, మిగతా సగం వేలికి విశ్రాంతి. కాడ నొక్కినప్పుడు ఇసుక రాసుకున్నట్టుంటే దుమ్ము చేరింది. టక్‌మనకపోతే ఆ స్విచ్ అయిపోయినట్టే.

కీ తీసినచోట అడుగు కూడా చూడండి. దుమ్ము, వెంట్రుకలు ఎన్నున్నా ఫర్వాలేదు, పోతాయి. బొద్దింకల రెట్ట కుప్పలుగా ఉన్నా, టీ ఒలికి ఎండిన గోధుమరంగు మరక ఉన్నా, ఇనుప ప్లేటు మీద తుప్పు బుడగలున్నా వదిలేయండి. హైదరాబాద్ ఎండకి పైన అన్నీ పొడిగా కనిపిస్తాయి, ఏ వర్షాకాలంలోనో గోడౌన్‌లో తడిసిన సంగతి ఆ ప్లేటే చెబుతుంది.

తర్వాత ల్యాప్‌టాప్‌కి కన్వర్టర్‌తో తగిలించండి. పెట్టగానే పైన ఉండే మూడు లైట్లు ఒకసారి వెలిగి ఆరితే కీబోర్డులో ప్రాణం ఉంది. నోట్‌ప్యాడ్ తెరిచి వరసగా అన్ని కీలూ, నంబర్ ప్యాడ్‌తో సహా, ఒక్కొక్కటీ నొక్కండి. షాపువాడు తొందరపెట్టినా సరే, ఇది మానొద్దు. బ్లూ స్విచ్‌లకి వయసు మీదపడితే వచ్చే జబ్బు ఒకటుంది. ఒకసారి నొక్కితే అక్షరం రెండుసార్లు పడుతుంది. తెలుగువాళ్లకి దాన్ని పట్టుకునే మంచి మార్గం ఉంది. తెలుగు టైపింగ్‌కి వాడే ఇన్‌స్క్రిప్ట్ కీల అమరికలో పొల్లు డి కీ మీద ఉంటుంది. ప్రతి ఒత్తుకీ దాన్ని నొక్కాల్సిందే, అందుకే ఆ అమరికలో తెలుగు కొట్టినవాళ్ల కీబోర్డులో బాగా నలిగేవాటిలో అదొకటి. "రాష్ట్రం" అని ఒక పది సార్లు వేగంగా కొట్టండి. ఆ ఒక్క మాటలో డి రెండుసార్లు వస్తుంది. స్విచ్ పాడైతే ఎక్కడో ఒకచోట పొల్లు రెండుగా పడి ఒత్తు కింద చేరదు, మాట విడిపోయి కనిపిస్తుంది. ఒకటి రెండు కీలకే ఈ జబ్బుంటే బేరమాడి తీసుకోండి. చెర్రీ ఎంఎక్స్ స్విచ్‌లు 80ల నుంచి ఇప్పటిదాకా తయారవుతూనే ఉన్నాయి. టంకం పని వచ్చిన రిపేరు మనిషి ఎవరైనా పాతది తీసి కొత్తది వేస్తాడు. మొదటి కీబోర్డుగా ఇదే తీసుకోమనడానికి నాకు ఇంతకన్నా పెద్ద కారణం లేదు.

ఐబీఎం మోడల్ ఎం సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. 1985 నుంచి వచ్చిన కీబోర్డు అది. ప్రతి కీ కింద ఒక స్ప్రింగు నిలబడి ఉంటుంది. నొక్కుతుంటే అది ఒకచోట వంగిపోయి కింద ఉన్న చిన్న ముక్కని తన్నుతుంది. శబ్దం, స్పర్శ, అక్షరం మూడూ ఒకే క్షణంలో వస్తాయి. దాన్ని మించిన కీ నేను నొక్కలేదు. ఇక్కడ మాత్రం అరుదు. అమెరికాలో అన్నయ్యో మేనమామ కొడుకో ఉండి, వచ్చేటప్పుడు తెస్తానంటేనే ప్రయత్నించండి. బరువు రెండు కిలోల పైమాటే, వాళ్ల సూట్‌కేసులో పచ్చళ్లకి పోటీ వస్తుందని ముందే చెప్పండి. అమ్మేవాళ్ల దగ్గర మూడు ఫొటోలు అడగమనండి: వెనక లేబుల్, వైరు చివర, ఒక కీ తీసిన చోటు. లేబుల్ మీద పార్ట్ నంబరూ, తయారైన తేదీ ఉంటాయి. 1391401 అనేది మామూలుగా దొరికే 101 కీల రకం. మోడల్ ఎం పేరుతోనే రబ్బరువి కూడా వచ్చాయి కాబట్టి కీ కింద స్ప్రింగు కనబడాలి.

దీని బలహీనత లోపల ఉంటుంది. ఇనుప ప్లేటునీ ప్లాస్టిక్ చట్రాన్నీ కలిపి పట్టుకునేవి ప్లాస్టిక్ రివెట్లు. ఏళ్లు గడిచేకొద్దీ అవి ఒక్కొక్కటే ఊడతాయి. చేతిలో పట్టుకుని ఊపితే లోపల గలగలమంటే ఊడినట్టు. కొన్ని ఊడినా పని చేస్తుంది, ఒకవైపంతా ఊడితే అక్కడి కీలు చచ్చుబడతాయి. ఒక్క కీ మాత్రమే మెత్తగా ఉంటే భయపడక్కర్లేదు, స్ప్రింగు పక్కకి ఒరిగి ఉంటుంది. కీబోర్డుని నిలువుగా పెట్టి, కీ మీది ప్లాస్టిక్ టోపీ, అంటే క్యాప్, తీసి మళ్లీ కూర్చోబెడితే సరి. ఐబీఎం ఆ ఫ్యాక్టరీని 1991లో లెక్స్‌మార్క్‌కి వదిలేసింది. 1996 నుంచి యూనికాంప్ అనే కంపెనీ అదే రకం తయారు చేస్తోంది, కాబట్టి విడిభాగాలు దొరుకుతాయి.

పాత ఆఫీసు సామానులో డెల్ ఏటీ101డబ్ల్యూ కనిపిస్తే ఆగి చూడండి. అందులో నల్లటి ఆల్ప్స్ స్విచ్‌లుంటాయి. టక్‌మనదు, చిన్న గుబ్బ దాటినట్టు వేలికి తగులుతుంది. ఇంట్లో పడుకున్నవాళ్లు ఉంటే బ్లూ కన్నా ఇదే నయం. అచ్చం అలాగే కనిపించే డెల్ క్వైట్‌కీ రబ్బరుది, పొరబడకండి. ఆల్ప్స్‌కి దుమ్ము సరిపడదు. కీని నడిమధ్య కాకుండా ఒక మూల నొక్కి చూడండి, పట్టేస్తూ దిగితే లోపల మురికి ఉంది. ఆ మురికి వదిలించడం కష్టం, అలాంటిది తీసుకోవద్దు. ఆపిల్ ఎక్స్‌టెండెడ్ కీబోర్డులు, 1987దీ 1990దీ, ఇంకా అందమైనవి. వాటికుండే ఆపిల్ సొంత ఏడీబీ ప్లగ్గుకి వేరే కన్వర్టర్ కావాలి. రెండోసారికి ఉంచుకోండి.

ఇంటికి తెచ్చాక ముందు పైనుంచి ఒక ఫొటో తీసుకోండి, క్యాపులు తిరిగి పెట్టేటప్పుడు కావాలి. క్యాపులన్నీ తీసి గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు ద్రవం వేసి నానబెట్టండి. మరిగే నీళ్లు పోస్తే వంగిపోతాయి. బోరు నీళ్లతో కడిగితే తెల్ల చారలు పడతాయి, ఆఖరి కడుగుడు తాగే నీళ్లతో కానివ్వండి. నీడలో, ఒకరోజంతా ఆరబెట్టండి. స్విచ్‌ల మధ్య దుమ్ము మెత్తటి బ్రష్‌తో, మిగిలిన జిడ్డు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. ఆ ఆల్కహాల్ కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాను అమ్మే షాపుల్లో అడిగితే ఇస్తారు. పాత కీబోర్డు కదా అని స్విచ్‌ల మీద నూనె మాత్రం చుక్క కూడా వేయకండి.

101 కీల కీబోర్డు కొన్నవాళ్లకి చివరి టెన్షన్ విండోస్ కీ లేకపోవడం. స్టార్ట్ మెనూకి కంట్రోల్, ఎస్కేప్ కలిపి నొక్కితే చాలు. తెలుగు, ఇంగ్లీషు మార్చుకోవడానికి విండోస్ కీ, స్పేస్ బార్ అలవాటైనవాళ్లు విండోస్ సెట్టింగ్స్‌లో ఎడమ ఆల్ట్, షిఫ్ట్ పెట్టుకోవచ్చు. పవర్‌టాయ్స్ అని మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఉచిత ప్రోగ్రాం ఒకటుంది. దాంతో క్యాప్స్ లాక్‌ని విండోస్ కీగా మార్చేసుకోవచ్చు. తెలుగు కొట్టేవాళ్లకి క్యాప్స్ లాక్‌తో పెద్దగా పనుండదు, నాదైతే అలాగే మార్చి పెట్టుకున్నాను.