వాన వెలిసిన మర్నాడు జిరాంగ్‌కి

మాది శ్రీకాకుళం. ఒడిశాలో జిరాంగ్ దగ్గరున్న టిబెటన్ల బౌద్ధ ఆరామం చూడాలనుకుంటున్నామని ఎవరైనా అంటే నేను ముందు చెప్పే మాట ఒకటే: సెలవు చూసుకుని కాదు, ఆకాశం చూసుకుని బయల్దేరండి. జులై నుంచి సెప్టెంబరు దాకా గజపతి జిల్లా కొండలు పచ్చగా ఉంటాయి, నిజమే. కానీ జోరువానలో వెళ్తే అద్దం మీద వైపర్లు తప్ప ఏమీ కనపడవు. వాన తెరిపిచ్చిన మర్నాడు వెళ్లాలి. అప్పుడు మబ్బు కొండ నడుం దాకా దిగి ఉంటుంది, కింద పొలాలూ లోయా కడిగినట్టు కనపడతాయి.

బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందన్నారంటే మాత్రం మానుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఈ జిల్లాలోనే కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. ‘ఏం కాదులే, పదండి’ అనే బావగారు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆ పూట ఆయన మాట వినకండి.

మా వైపు నుంచైతే నరసన్నపేట దాటాక హైవే వదిలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి చేరాలి. ఒడిశాలోకి వచ్చేసినా అక్కడ తెలుగు బాగానే నడుస్తుంది. బండి ట్యాంకు అక్కడే నింపుకోండి. జేబులో కొంత నగదు కూడా ఉంచుకోండి, కొండెక్కాక సిగ్నల్ పోయిందంటే ఫోన్‌పే ఉన్నా లేనట్టే. ఆ తర్వాత ఆర్.ఉదయగిరి, మోహన, చంద్రగిరి. మ్యాప్‌లో ఉత్త చంద్రగిరి అని కొడితే తిరుపతి పక్కనున్న కోట చూపిస్తుంది, ఉదయగిరి అంటే నెల్లూరు జిల్లాకి తీసుకుపోతుంది. పక్కన గజపతి జిల్లా అని చేర్చండి. విశాఖ, హైదరాబాద్ వాళ్లకి రైల్లో బరంపురం దిగి కారు మాట్లాడుకోవడం సుఖం. దిగపహండి, తప్తపాణి మీదుగా ఎనభై కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది.

ఘాట్‌లో ఆవులూ మేకలూ తడి నేల వదిలేసి తారురోడ్డు మీదే నిలబడతాయి, హారన్ కొట్టినా కదలవు. మలుపు ముందు హారన్, మంచులో లో బీమ్, దిగేటప్పుడు రెండో గేరు. బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగేవాళ్ల కారులో నేను ఎక్కను. బైక్ మీద వెళ్లేవాళ్లు రెయిన్‌కోటు చొక్కాతో సరిపెట్టుకోకుండా ప్యాంటు కూడా కొనుక్కోండి.

చంద్రగిరి చుట్టుపక్కల టిబెటన్ శరణార్థులు 1963 నుంచి ఉంటున్నారు. ఊళ్లని ఇప్పటికీ క్యాంపులనే అంటారు. ఆగస్టులో ఎటు చూసినా మొక్కజొన్నే. దారి పక్కన గొడుగు కింద ఒకావిడ అట్టముక్కతో బొగ్గులు విసురుతూ పొత్తులు కాలుస్తుంటే ఆగకుండా పోలేం. లేత పొత్తు అడక్కండి, కొంచెం ముదురుదే నిప్పు మీద రుచి. నిమ్మచెక్కని ఉప్పూకారంలో అద్ది ఆవిడ రుద్దుతున్నప్పుడే ‘ఇంకోటి వేయమ్మా’ అని చెప్పేయండి.

ఆరామం అసలు పేరు పద్మసంభవ మహావిహారం. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. పొద్దున పదిలోపు చేరితే జనం పలచగా ఉంటారు. చెప్పులు బయటే విడవాలి. తడికాళ్లతో నున్నటి నేల మీద జర్రున జారతాం, అందుకే సంచిలో ఒక పాత తువ్వాలు పెట్టుకోండి. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు కాళ్లు తుడుచుకుని, గోడ పట్టుకుని, తొందర లేకుండా మెట్లెక్కారు. ప్రదక్షిణ మన గుళ్లలో లాగే కుడివైపుగా, ప్రార్థన చక్రాలు తిప్పేదీ అటే. టోపీ తీసేయండి, బుద్ధుడి వైపు కాళ్లు చాపి కూర్చోకండి, లోపల ఫొటో తీసేముందు అక్కడున్న భిక్షువుని అడగండి. ప్రార్థన జరుగుతుంటే మీ అదృష్టం. పక్కన కూర్చుని వినండి, పొడుగాటి బూరలు ఊదినప్పుడు ఆ మోత ఛాతీలోకి దిగుతుంది. సెల్ఫీలు బయట రంగు జెండాల దగ్గర ఎన్నైనా తీసుకోవచ్చు.

మధ్యాహ్నానికి మోమోలు, వేడివేడి తుక్‌పా, అంటే నూడుల్స్ వేసిన పులుసు. శాకాహారులు ముందే గట్టిగా చెప్పాలి, పులుసులో మాంసం ఉండొచ్చు. వెన్న వేసిన ఉప్పు టీ అందరికీ పడదు, ఒక కప్పు తెప్పించి నలుగురూ రుచి చూడండి.

అదే రోజు మహేంద్రగిరి కూడా చూసేద్దామని పెట్టుకోకండి. అది 1,501 మీటర్ల కొండ, వేరే దారి, దానికో రోజు కావాలి. మిగిలిన పూట తప్తపాణికి ఇవ్వండి. అక్కడ భూమిలోంచి గంధకం వాసనతో వేడినీళ్లు ఊరతాయి. పైన తుంపర పడుతుంటే ఆ నీళ్లలో స్నానం చేయడం వానాకాలంలోనే బాగుంటుంది, మార్చు బట్టలు మరవకండి. కొండ ప్రాంతంలో ఇది మలేరియా కాలం కూడా, పిల్లలకి నిండు చేతుల చొక్కాలు వేసి దోమల క్రీము రాయండి.

తప్తపాణి ఘాట్ వెలుగుండగానే దిగిపోవాలి. నాలుగు దాటితే మంచు మళ్లీ కమ్ముతుంది. బరంపురంలో తిరుగు రైలు రాత్రి ఎనిమిది తర్వాతది చూసుకుంటే దారిలో టెన్షన్ ఉండదు.