సోడా ఫైరింగ్‌కి కుండలు పెట్టే ముందు

సోడా ఫైరింగ్ అంటే, బాగా వేడెక్కిన బట్టీలోకి సోడా వేస్తే దాని ఆవిరి కుండల మీద గాజు పూతలా పట్టుకోవడం. బట్టీ అందరిదీ. మన పొరపాటు పక్కవాళ్ల కుండకీ అంటుకుంటుంది.

• ముందు మట్టి ఏదో చూసుకోండి. సోడా బట్టీ సాధారణంగా 1280–1300 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. తక్కువ వేడికి తయారైన మట్టి అక్కడ కరిగి షెల్ఫ్ మీద పారుతుంది. అనుమానముంటే పెట్టకండి.

• కప్పులకూ గిన్నెలకూ లోపల గ్లేజ్ (కాలితే గాజులా మారే పూత) పూయండి, సోడా ఆవిరి లోపలికి సరిగా చేరదు. అడుగున మాత్రం చుక్క కూడా ఉండకూడదు.

• ప్రతి కుండ కిందా, మూతకీ కుండకీ మధ్యా వాడింగ్ ఉండలు (అతుక్కోకుండా పెట్టే చిన్న ముద్దలు) పెట్టాలి. అల్యూమినా హైడ్రేట్ పొడి, కేయోలిన్ (తెల్ల మట్టి) సమపాళ్లలో తీసుకుని నీళ్లతో ముద్ద చేస్తే చాలు. మూడు ఉండలైతే కుండ ఊగదు. బద్ధకించి మానేశారా, కుండ షెల్ఫ్‌కి అతుక్కుపోతుంది. ఇక సుత్తే గతి!

• పొడులు కలిపేటప్పుడు రెస్పిరేటర్ పెట్టుకోండి. గుడ్డ మాస్క్ చాలదు.

• సోడా వేసేటప్పుడు రంధ్రంలోంచి మంట బయటికి తన్నుతుంది. నూలు బట్టలు, తోలు గ్లవ్స్, వెల్డింగ్ కళ్లద్దాలు తప్పనిసరి. జుట్టు ముడేసుకోండి. మొదటిసారైతే పక్కన నిలబడి చూడండి, అంతే.

• గది కిటికీలు తెరిచే ఉంచండి, మంటలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, దానికి వాసన ఉండదు.

• చల్లారాక షెల్ఫ్‌లు గీకే వంతు మీదైతే కళ్లద్దాలు మళ్లీ పెట్టుకోండి. ఎగిరే పెచ్చులు గాజు ముక్కలే.