నర్సులకు రేడియేషన్ భద్రత శిక్షణ ఎలా ఇవ్వాలి?

శిక్షణను మిల్లీసీవర్టుల (ఒంటికి తగిలిన రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) లెక్కలతో మొదలుపెడితే నర్సులకు భయమే మిగులుతుంది. ఈ గదిలో కిరణాలు ఎక్కడి నుంచి వస్తున్నాయన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. ఎక్స్‌రే, సీటీ, క్యాథ్ ల్యాబ్ (ఎక్స్‌రేతో చూస్తూ గుండె రక్తనాళాల్లోకి సన్నని గొట్టం పంపి చికిత్స చేసే గది) యంత్రాల నుంచి అవి పనిచేస్తున్నంతసేపే కిరణాలు వెలువడతాయి. ఆపిన తరువాత గదిలో గానీ, రోగి ఒంట్లో గానీ ఏమీ మిగలదు. థైరాయిడ్ క్యాన్సర్‌కు అయోడిన్-131 అనే రేడియోధార్మిక మందు తీసుకున్న రోగి సంగతి వేరు. అక్కడ రోగి శరీరం నుంచే కిరణాలు వస్తాయి, మూత్రంలోనూ చెమటలోనూ ఆ అయోడిన్ ఉంటుంది, దాని అర్ధాయువు, అంటే రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం, 8 రోజులు. ఈ తేడా తెలియకపోతే, ఎక్స్‌రే తీయించుకుని వచ్చిన రోగిని ముట్టుకోవడానికి జంకే నర్సే అయోడిన్ వార్డులో గ్లోవ్స్ లేకుండా యూరినల్ అందుకునే ప్రమాదం ఉంది.

ఎక్కువ సమయం క్యాథ్ ల్యాబ్‌కు కేటాయించండి. అక్కడ నర్సుకు తగిలేది ప్రధానంగా రోగి శరీరం నుంచి చెదిరి వచ్చే కిరణాలు. రోగి స్థానంలో నీళ్లు నింపిన ప్లాస్టిక్ డబ్బాను టేబుల్ మీద ఉంచి, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ సమక్షంలో, అందరూ సీసపు ఏప్రాన్లు వేసుకున్నాక, కిరణాలను కొలిచే సర్వే మీటర్‌తో ఒక మీటరు దూరంలోనూ రెండు మీటర్ల దూరంలోనూ కొలిపించండి. దూరం రెట్టింపైతే మోతాదు సుమారు నాలుగో వంతుకు పడిపోవడాన్ని కళ్లారా చూసిన నర్సు, మందు ఎక్కించవలసి వచ్చినప్పుడు డాక్టరును ఒక్క క్షణం ఎక్స్‌రే నడిపే పెడల్ వదలమని అడగడానికి వెనుకాడదు. ముందువైపు మాత్రమే సీసం ఉన్న ఏప్రాన్ వేసుకుని ట్రాలీ వైపు తిరిగితే వీపుకు రక్షణ ఉండదని కూడా నిలబెట్టి చూపించండి. ఏప్రాన్‌ను మడత పెడితే లోపలి పొర పగులుతుంది కనుక హ్యాంగర్‌కే తగిలించాలి.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో టీఎల్‌డీ బ్యాడ్జిని (ఒంటికి తగిలిన మోతాదును నమోదు చేసే బ్యాడ్జి) ఏప్రాన్‌కే వదిలేసి ఇంటికి వెళ్లే అలవాటు ఉండేది. మూడు నెలల తరువాత వచ్చిన రిపోర్టులోని అంకె మనిషిదో గోడదో ఎవరూ చెప్పలేకపోయారు. బ్యాడ్జి ఏప్రాన్ లోపల, ఛాతీ దగ్గర ఉండాలి. ఎవరిది వారే వాడాలి. డ్యూటీ ముగిశాక కిరణాలు లేని చోట భద్రపరచాలి. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించరాదు.

అయోడిన్ వార్డులో చేయవలసిన పనులన్నీ తలుపు బయటే అనుకుని లోపలికి వెళ్లి, త్వరగా ముగించుకుని రావాలి. అయోడిన్ నుంచి వచ్చే గామా కిరణాలను మామూలు సీసపు ఏప్రాన్ పెద్దగా ఆపలేదు. మూత్రం ఒలికితే దారి మూసి, వెంటనే సేఫ్టీ ఆఫీసర్‌ను పిలవాలి.

నర్సు గర్భవతి అయితే ఏం చేయాలన్న సంగతి మాత్రం తరగతిలో ఒక్క వాక్యంతో దాటవేయకండి. తెలిసిన వెంటనే చెప్పాలని, చెప్పినప్పటి నుంచి కడుపులోని బిడ్డకు 1 మిల్లీసీవర్టు మించకుండా పని మార్చవలసిన బాధ్యత ఆసుపత్రిదేనని, అందుకోసం ఎవరిని కలవాలో పేరుతో సహా చెప్పండి.