ఒకే మనిషి, పది పేర్లు: ఎలక్ట్రానిక్ సంగీతంలో మారుపేర్ల కూపీ ఎలా లాగాలి?

'లైఫ్‌స్టైల్స్ ఆఫ్ ది ల్యాప్‌టాప్ కెఫే' అనే ఆల్బమ్ 2001లో బ్రిటన్‌లోని వార్ప్ లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) నుంచి వచ్చింది. కళాకారుడి పేరు దగ్గర 'ది అదర్ పీపుల్ ప్లేస్' అని ఉంటుంది. మెత్తటి బీటు, తిరిగి తిరిగి వినిపించే రెండు మూడు మాటలు, వాటి కింద ఒక దిగులు. నేను చాలాకాలం దాన్ని విన్నాను. డ్రెక్సియా అనే పేరుతో వచ్చిన రికార్డులూ విడిగా వినేవాణ్ణి. అవి పూర్తిగా వేరు: సముద్రం అడుగున యుద్ధం జరుగుతున్నట్టుండే పదునైన ఎలక్ట్రో. రెండింటి వెనకా ఉన్నది అమెరికాలోని డెట్రాయిట్‌కి చెందిన జేమ్స్ స్టిన్సన్ అని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటికి ఆయన చనిపోయారు కూడా, 2002 సెప్టెంబరులో.

ఈ సంగీతంలో ఇలాంటి చుట్టరికాలు చాలా ఉన్నాయి. ఒక లేబుల్‌తో ఒప్పందం ఒక పేరు మీద ఉంటే ఇంకో లేబుల్‌కి ఇంకో పేరు పెట్టుకుంటారు. ఒక పేరుకి అలవాటుపడ్డ శ్రోతలు కొత్త రకం సంగీతాన్ని పాత అంచనాతో వింటారు కాబట్టి, అది తప్పించుకోవడానికి కూడా పేరు మారుస్తారు. తీగ ఎక్కడ పట్టుకోవాలో తెలిస్తే డొంకంతా కదులుతుంది. అదెలాగో చెప్తాను.

1. ఒక్క రికార్డుతో మొదలుపెట్టండి

ఒకేసారి పదిమంది వెంట పడితే దారి తప్పుతారు. మీకు బాగా నచ్చిన ఒక్క ఆల్బమ్ తీసుకుని, దాని లేబుల్ పేరు, సంవత్సరం, కేటలాగ్ నంబరు (లేబుల్ ఆ రికార్డుకి ఇచ్చిన గుర్తు సంఖ్య) ఒక కాగితం మీద రాసుకోండి. లేబుల్ చాలా ముఖ్యం. చిన్న లేబుళ్లలో ఇద్దరు ముగ్గురే నాలుగైదు పేర్లతో పని చేస్తుంటారు.

2. డిస్కాగ్స్‌లో పేజీ చదవడం నేర్చుకోండి

రికార్డుల వివరాలన్నీ పోగుచేసే డిస్కాగ్స్ సైట్ అందరికీ ఉచితం. కళాకారుడి పేజీ తెరిస్తే అసలు పేరు, 'ఏలియసెస్', 'ఇన్ గ్రూప్స్', 'వేరియేషన్స్' అనే వరసలు కనిపిస్తాయి. ఏలియస్ అంటే అదే మనిషి పెట్టుకున్న ఇంకో పేరు. గ్రూప్ అంటే అందులో ఆయనతోపాటు ఇంకొకరు ఉన్నారని. వేరియేషన్ అంటే ఒకే పేరు కవర్ల మీద వేర్వేరుగా అచ్చవడం, అంతే.

చాలామంది మొదటి రెండింటినీ కలిపేస్తారు. డ్రెక్సియా ఒక గ్రూప్: స్టిన్సన్, జెరాల్డ్ డొనాల్డ్ ఇద్దరూ ఉన్నారు. అదంతా స్టిన్సన్ ఖాతాలో వేస్తే డొనాల్డ్‌కి అన్యాయం చేసినట్టే. ఆయన తీగ పట్టుకుని వెళ్తే డాప్లరెఫెక్ట్, ఆర్పానెట్ అనే పేర్ల దగ్గరికి చేరతారు, అది ఇంకో లోకం.

పేరు పక్కన బ్రాకెట్‌లో 2, 3 అని అంకె కనబడితే జాగ్రత్త. అదే పేరుతో వేరే మనుషులు ఉన్నారని దానర్థం.

3. రికార్డునే చేతిలోకి తీసుకోండి

వినైల్ (ప్లేయర్ మీద తిప్పే పెద్ద రికార్డు) దొరికితే ట్యూబ్‌లైట్ కింద కాస్త వంచి పట్టుకోండి. పాట ఉన్న గాడులు ముగిసిన చోటికీ, మధ్యలోని లేబుల్ కాగితానికీ నడుమ ఒక నున్నటి పట్టీ ఉంటుంది. సూదితో గీకినట్టు అక్కడ కొన్ని అక్షరాలు కనిపిస్తాయి: కేటలాగ్ నంబరు, ఎ వైపో బి వైపో, కొన్నిసార్లు ఒక చిన్న సందేశం. డెట్రాయిట్ రికార్డుల మీద 'ఎన్ఎస్‌సీ' అని ఉందంటే, నేషనల్ సౌండ్ కార్పొరేషన్‌లో రాన్ మర్ఫీ అనే ఇంజినీర్ దాన్ని కట్ చేశారని, అంటే పాటని గాడులుగా చెక్కారని అర్థం. దాన్నిబట్టి సంగీతం చేసిందెవరో తేలదు. బెర్లిన్ నుంచి బేసిక్ చానల్ అనే పేరుతో వచ్చిన రికార్డులు కూడా ఆయన దగ్గర కట్ అయ్యాయి. ఊరు, కాలం మాత్రం తెలుస్తాయి.

కవర్ మీద 'రిటెన్ బై', 'ప్రొడ్యూస్డ్ బై' అన్న చోట ఏ పేరుందో చూడండి. ముందు పక్క మారుపేరు పెట్టినవాళ్లు కూడా రాయల్టీ కోసం వెనక పక్క అసలు పేరు వేసుకుంటారు. అసలు తీగ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

4. యాప్‌లో వినేవాళ్లయితే

స్పాటిఫైలో పాట పక్కన మూడు చుక్కలు నొక్కితే క్రెడిట్స్ వస్తాయి. రాసినవాళ్ల పేరు చూసి, దాన్ని తీసుకెళ్లి మళ్లీ డిస్కాగ్స్‌లో వెతకండి. యాప్ తనంతట తాను ఈ పేర్లను కలిపి చూపిస్తుందని ఎదురుచూడొద్దు.

5. చెవిని నమ్మండి, కానీ రుజువు అడగండి

2007లో రెఫ్లెక్స్ లేబుల్ 'ది టస్' అనే పేరుతో రికార్డులు వదిలింది. చేసినవాళ్లు బ్రయన్, కరెన్ ట్రెగాస్కిన్ అని ప్రకటించింది. శ్రోతలు నమ్మలేదు. యమహా జీఎక్స్-1 అనే భారీ, అరుదైన సింథసైజర్ ధ్వని అందులో వినిపించింది. అలాంటిది ఏఫెక్స్ ట్విన్‌గా పేరుపడ్డ రిచర్డ్ డి. జేమ్స్ దగ్గర ఉందని వాళ్లకి తెలుసు. పైగా రెఫ్లెక్స్ పెట్టిన ఇద్దరిలో ఆయన ఒకరు. అనుమానం నిజమే అయింది. ఇక్కడ చెవి ఒక్కటే కాదు, వాయిద్యం, లేబుల్ మూడూ ఒకే దిక్కు చూపించాయి. 'అలాగే ఉంది' అన్న ఒక్క ముక్క మీద ఎవరి పేరూ అంటగట్టొద్దు. ఒకే డ్రమ్ మెషీన్ వెయ్యిమంది దగ్గర ఉంటుంది.

6. దాక్కున్న మనిషిని లాగొద్దు

బరియల్ అనే పేరుతో సంగీతం చేసే బ్రిటిష్ కళాకారుడు ఎవరో చాలాకాలం బయటికి తెలియదు. 2008లో మెర్క్యురీ ప్రైజ్ అనే బ్రిటిష్ సంగీత పురస్కారానికి నామినేట్ అయ్యాక పత్రికలు వెంటపడ్డాయి. చివరికి ఆ ఆగస్టులో ఆయనే తన పేరు విలియం బెవన్ అని చెప్పుకోవాల్సి వచ్చింది. నాకు అది బాధగానే ఉంది. రికార్డుల మీద అచ్చయిన పేర్లు కలపడం వేరు, ఒకరి ఇంటి అడ్రసు వెతకడం వేరు. మొదటిదాని దగ్గరే ఆగండి.

7. దొరికినవాటిని సంవత్సరాల వారీగా వినండి

పేర్ల వారీగా కాకుండా కాలక్రమంలో ప్లేలిస్ట్ చేస్తే ఒక మనిషి పని కళ్లముందు నిలబడుతుంది. డ్రెక్సియా వైపు నుంచి ఏడు తుఫానులన్న ఆలోచనతో వరసగా ఆల్బమ్‌లు వచ్చాయి, చాలావాటికి ఒక్కోదానికి ఒక్కో పేరు. 2001లో ది అదర్ పీపుల్ ప్లేస్, ట్రాన్స్‌ల్యూజన్. 2002లో డ్రెక్సియా పేరుతోనే 'హార్నెస్డ్ ది స్టార్మ్', తర్వాత షిఫ్టెడ్ ఫేజెస్. స్టిన్సన్ పోయాక 2003లో ల్యాబ్ ర్యాట్ ఎక్స్‌ఎల్.

ఇవాళ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'హార్నెస్డ్ ది స్టార్మ్' నుంచి ఒక పాట, వెంటనే ది అదర్ పీపుల్ ప్లేస్ నుంచి 'లెట్ మీ బి మీ' పెట్టండి. డ్రమ్స్ కింద నడిచే బేస్ మీద దృష్టి పెట్టి వినండి.