రూట్ చేస్తుంటే ఫోన్ ఆగిపోయిందా? ఏ మెట్టు దగ్గర ఆగిందో ముందు చూడండి

రూట్ అంటే ఫోన్ సాఫ్ట్‌వేర్ మీద పూర్తి అధికారం సంపాదించడం. రూట్ చేయబోయి ఫోన్ చంపేశానంటూ నా దగ్గరికి పట్టుకొచ్చినవాళ్లలో నిజంగా ఫోన్ పోయినవాళ్లు చాలా తక్కువ. మిగతావన్నీ ఏదో ఒక మెట్టు దగ్గర ఆగిపోయినవే. ఆ కంగారులో వీడియోల కింద దొరికిన ఫైలల్లా ఎక్కించేస్తే మాత్రం ఫోన్ నిజంగానే పోతుంది. అందుకే ఫోన్ ఏమంటోందో ముందు చూడండి, దాన్ని బట్టి కింద వెతుక్కోండి. ఆదేశాలు తెలుగు లిపిలో రాశాను. కంప్యూటర్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.

"కంపెనీ యాప్‌లు తీసేద్దామనే రూట్ చేస్తున్నా"

అంతే అయితే రూట్ అక్కర్లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి కావాల్సింది ఇదే. యూఎస్‌బీ డీబగ్గింగ్ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలు పంపనిచ్చే సెట్టింగ్) ఆన్ చేసి, ఏడీబీతో (ఆ ఆదేశాలు పంపే కంప్యూటర్ టూల్) ఆ యాప్‌ని "యూజర్ 0" నుంచి అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్లో మీకు ఇక కనబడదు. అసలు ఫైలు సిస్టమ్ భాగంలోనే ఉంటుంది కాబట్టి ఫ్యాక్టరీ రీసెట్ కొడితే తిరిగి వస్తుంది. వారంటీ గొడవ లేదు, బ్యాంకు యాప్‌ల గొడవ లేదు. కాకపోతే పేరు తెలియని ప్యాకేజీ జోలికి పోవద్దు. కొన్ని రెడ్‌మి ఫోన్లలో ఫైండ్ డివైజ్ తీసేసి, ఫోన్ ఆన్ కాక రీసెట్ చేసుకున్నవాళ్లున్నారు.

కంప్యూటర్‌కి ఫోన్ కనబడట్లేదు

మొదటిసారి చేసేవాళ్ల సాయంత్రమంతా ఇక్కడే అయిపోతుంది.

ముందు కేబుల్ మార్చండి. ఛార్జర్‌తో వచ్చిన కొన్ని కేబుళ్లలో ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు. ఫోన్ ఛార్జ్ అవుతోంది కదా, కేబుల్ బాగానే ఉందనుకుని రెండు గంటలు డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చున్న రోజు నాకూ ఉంది.

కేబుల్ బాగుంటే "ఏడీబీ డివైజెస్" కొట్టి జవాబు చూడండి. జాబితా ఖాళీగా ఉంటే ఎక్కువగా డీబగ్గింగ్ ఆన్ కాకపోవడమే కారణం. అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి (రెడ్‌మి, పోకోల్లో బిల్డ్ నంబర్ బదులు ఓఎస్ వెర్షన్ మీద నొక్కాలి), అక్కడ ఆన్ చేయండి. "అన్‌ఆథరైజ్డ్" అని వస్తే కంప్యూటర్‌లో తప్పేం లేదు, ఫోన్ స్క్రీన్ మీద అనుమతి అడుగుతున్న చిన్న పెట్టె మీ ఓకే కోసం చూస్తోంది. ఆ పెట్టె రాకపోతే డెవలపర్ ఆప్షన్స్‌లో పాత అనుమతులన్నీ రద్దు చేసి కేబుల్ పీకి మళ్లీ పెట్టండి. లైనక్స్ వాడేవాళ్లకి "నో పర్మిషన్స్" వస్తే యూడెవ్ రూల్స్ (యూఎస్‌బీ పరికరాన్ని వాడుకునే అనుమతులు) లేవని అర్థం.

అసలు తికమక దీని తర్వాత మొదలవుతుంది. ఏడీబీలో చక్కగా కనబడిన ఫోన్, ఫాస్ట్‌బూట్ మోడ్‌లోకి (ఆండ్రాయిడ్ లేవకముందే కంప్యూటర్ నుంచి సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే తెర) వెళ్లగానే మాయమవుతుంది. "వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్" అని కర్సర్ అలా మిణుకుమంటూ ఉంటుంది. విండోస్ లెక్కలో ఈ రెండు మోడ్‌లూ రెండు వేర్వేరు పరికరాలు. ఒకదానికి పెట్టిన డ్రైవర్ రెండోదానికి పనికిరాదు. ఫోన్‌ని ఫాస్ట్‌బూట్‌లోనే ఉంచి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు గుర్తుతో "ఆండ్రాయిడ్" అని ఒకటి కనబడుతుంది. దానికి గూగుల్ యూఎస్‌బీ డ్రైవర్ చూపించి, జాబితాలోంచి "ఆండ్రాయిడ్ బూట్‌లోడర్ ఇంటర్‌ఫేస్" ఎంచుకోండి. అప్పటికీ మొండికేస్తే, ముఖ్యంగా రైజెన్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే, యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టి చూడండి. అలాంటి పోర్టు లేకపోతే పాత యూఎస్‌బీ 2.0 హబ్ మధ్యలో పెట్టినా చాలు.

ఇక పవర్‌షెల్‌లో "ఫాస్ట్‌బూట్" అనే ఆదేశమే తెలియదంటే, ప్లాట్‌ఫామ్ టూల్స్ (ఏడీబీ, ఫాస్ట్‌బూట్ ఉండే గూగుల్ ప్యాకేజీ) ఫోల్డర్‌లోకి వెళ్లి, ఆదేశం ముందు ఒక చుక్క, వెనక్కి వాలిన గీత పెట్టండి.

ఓఈఎం అన్‌లాకింగ్ మీట బూడిద రంగులో ఉండి కదలట్లేదు

రూట్ చేయాలంటే ముందు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) తాళం తెరవాలి, దానికి అనుమతి ఇచ్చేది డెవలపర్ ఆప్షన్స్‌లోని ఈ మీటే. ముందు ఇంటర్నెట్ ఆన్ చేసి కాసేపు ఆగి చూడండి. పిక్సెల్ ఫోన్ ఈ మీటని అనుమతించే ముందు గూగుల్‌ని అడిగి తెలుసుకుంటుంది.

అయినా కదలకపోతే ఫోన్ ఎక్కడ కొన్నారో గుర్తు చేసుకోండి. అమెరికా నుంచి అన్నయ్యో బావో తెచ్చిన పిక్సెల్ మన ఇళ్లలో మామూలే. అది వెరిజాన్ ద్వారా అమ్మిన ఫోన్ అయితే ఆ మీట ఎప్పటికీ కదలదు. సిమ్ లాక్ తీసేశారు కదా అంటారు. ఆ తాళం వేరు, ఈ తాళం వేరు. అమెరికాలో అమ్మే స్నాప్‌డ్రాగన్ సామ్‌సంగ్‌లదీ ఇదే కథ. ఇక్కడ ఈఎంఐ మీద కొని వాయిదాలు ఇంకా కడుతున్న ఫోన్లలో అప్పిచ్చినవాళ్ల లాక్ ఉండొచ్చు. అప్పు తీరేదాకా దాని జోలికి పోవద్దు.

షావోమీ, రెడ్‌మి, పోకో ఫోన్లలో మీట కదిలినా తాళం వెంటనే తెరుచుకోదు. డెవలపర్ ఆప్షన్స్‌లో మీ మి అకౌంట్‌ని ఫోన్‌కి జతచేయాలి. ఆ పని వైఫై మీద కాదు, సిమ్ డేటా మీద జరగాలి. తర్వాత వేచి ఉండే గడువు మొదలవుతుంది, షావోమీ కొత్త సాఫ్ట్‌వేర్ హైపర్‌ఓఎస్‌కి ముందు చాలా ఫోన్లలో అది 168 గంటలు, అంటే సరిగ్గా వారం ఉండేది. మధ్యలో ఓపిక పట్టలేక మళ్లీ జతచేస్తే గడువు మళ్లీ మొదటికొస్తుంది. హైపర్‌ఓఎస్ వచ్చాక నిబంధనలు ఇంకా బిగిశాయి. డబ్బిస్తే వెంటనే తెరుస్తామని ఇన్‌బాక్స్‌లోకి వచ్చేవాళ్లకి మీ అకౌంట్ పాస్‌వర్డ్ ఇవ్వకండి.

అన్‌లాక్ చేశాక ఫొటోలన్నీ పోయాయి

పోతాయి. తాళం తెరిచినప్పుడు లోపలి డేటా తుడిచిపెట్టడం భద్రత కోసం పెట్టిన నియమం, లేకపోతే దొంగిలించిన ఫోన్ ఎవరైనా తెరిచి చదువుకుంటారు. పోయినవాటికి పరిష్కారం లేదు. ఇంకా అన్‌లాక్ చేయనివాళ్లు ఫొటోలతో పాటు వాట్సాప్ బ్యాకప్ కూడా తీసుకోండి, ఓటీపీ యాప్‌లోని ఖాతాలు వేరే ఫోన్‌కి మార్చుకోండి. ఈ చివరిది అందరూ మర్చిపోతారు.

సామ్‌సంగ్‌లో ఇంకో నష్టం ఉంది. సొంతంగా మార్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే నాక్స్ ఫ్యూజ్ (సాఫ్ట్‌వేర్ మారిందని ఫోన్లో శాశ్వతంగా పడే గుర్తు) కాలిపోతుంది. తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి వేసినా సెక్యూర్ ఫోల్డర్, సామ్‌సంగ్ వాలెట్ చెల్లింపులు రావు.

లోగో దగ్గరే తిరుగుతోంది, లేదా మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతోంది

బూట్‌లూప్ అంటే ఇదే. పేరు భయంకరంగా ఉంటుంది గానీ, ఫాస్ట్‌బూట్ తెర వస్తోందంటే ఫోన్ బతికే ఉంది. వాల్యూమ్ డౌన్, పవర్ కలిపి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఆ తెర వస్తుంది.

కారణం నూటికి తొంభై సార్లు ఒకటే: మ్యాజిస్క్‌తో (రూట్ ఇచ్చే యాప్) ప్యాచ్ చేసిన, అంటే మార్చిన, బూట్ ఇమేజ్ (ఫోన్ లేవడానికి కావాల్సిన ఫైలు) మీ ఫోన్లో నడుస్తున్న వెర్షన్‌ది కాదు. "అదే మోడల్, అదే ఆండ్రాయిడ్ 14" అంటే సరిపోదు. అబౌట్ ఫోన్‌లో కనబడే వెర్షన్ పేరు చివరి అక్షరం దాకా కలవాలి. షావోమీ వెర్షన్ పేరు చివర్లో ప్రాంతం కూడా దాగి ఉంటుంది: ఐఎన్ అంటే ఇండియా, ఎంఐ అంటే గ్లోబల్, ఈయూ అంటే యూరప్. మరొకరు ప్యాచ్ చేసి పంచిపెట్టిన ఫైలు అస్సలు వద్దు. మీ వెర్షన్ పూర్తి ప్యాకేజీ కంపెనీ సర్వర్ నుంచి దించుకుని, అందులోంచి బూట్ ఇమేజ్ బయటికి తీసి, మీ ఫోన్లోనే మ్యాజిస్క్ యాప్‌తో ప్యాచ్ చేయండి. ప్యాచ్ అయిన ఫైలుని కంప్యూటర్‌కి "ఏడీబీ పుల్" ఆదేశంతోనే తెచ్చుకోండి. మామూలుగా ఫైల్ ట్రాన్స్‌ఫర్‌లో లాగితే పెద్ద ఫైళ్లు పాడవ్వొచ్చు, ముఖ్యంగా సామ్‌సంగ్ ఏపీ ఫైలు (అసలు సాఫ్ట్‌వేర్ ఉండే పెద్ద ఫైలు).

పరిష్కారం తేలికే. ప్యాచ్ చేయని అసలు బూట్ ఇమేజ్‌ని ఫోన్లో అదే విభాగంలోకి తిరిగి ఫ్లాష్ చేసి (ఎక్కించి) రీబూట్ చేయండి. డేటా తుడవాల్సిన పని లేదు. ఫోన్ మామూలుగా లేస్తుంది, రూట్ మాత్రం ఉండదు. అసలు ఇమేజ్ కాపీ చేతిలో లేకుండా ప్యాచ్ చేసినది ఎక్కించకూడదనేది ఇందుకే.

బూట్ ఇమేజ్ సరైనదే, నిన్నటిదాకా రూట్ పనిచేసింది, కొత్తగా ఒక మాడ్యూల్ (మ్యాజిస్క్‌లో వేసుకునే అదనపు హంగు) వేశాక ఆగిపోయిందా? అప్పుడు తప్పు మాడ్యూల్‌ది. ఫోన్ ఆన్ అవుతూ లోగో రాగానే వాల్యూమ్ డౌన్ నొక్కి పట్టుకోండి. సేఫ్ మోడ్‌లో లేస్తుంది, మ్యాజిస్క్ మాడ్యూళ్లన్నిటినీ ఆపేస్తుంది. మామూలుగా రీస్టార్ట్ చేసి, ఆ ఒక్క మాడ్యూల్ తీసేయండి.

ఇమేజ్ సరిగ్గానే ఉన్నా లోగో కూడా రాకుండా ఫాస్ట్‌బూట్‌కే తిరిగొస్తుంటే వెరిఫైడ్ బూట్ (సాఫ్ట్‌వేర్ మారిందేమో ఆన్ అయ్యేటప్పుడు చూసే తనిఖీ) అడ్డుకుంటోందని అనుమానించండి. ఆ తనిఖీ వివరాలుండే వీబీమెటా ఇమేజ్‌ని వెరిటీ, వెరిఫికేషన్ రెండూ ఆపే సూచనలతో ఫ్లాష్ చేయాలి. ఇలా చేశాక డేటా తుడవాల్సి రావచ్చని ముందే అనుకోండి.

ఫోన్ బాగానే లేచింది, మ్యాజిస్క్‌లో మాత్రం రూట్ లేదంటోంది

ఎక్కువగా ఫ్లాష్ చేసిన చోటు తప్పై ఉంటుంది. ఆండ్రాయిడ్ 13తోనే మార్కెట్‌లోకి వచ్చిన ఫోన్లలో, ఉదాహరణకి పిక్సెల్ 7లో, మ్యాజిస్క్‌కి కావాల్సిన భాగం బూట్‌లో ఉండదు, ఇనిట్ బూట్ అనే వేరే విభాగంలో ఉంటుంది. పిక్సెల్ 6 తర్వాత 13కి అప్‌డేట్ అయినా దానికి పాత పద్ధతే. అంటే ఇప్పుడు నడుస్తున్న వెర్షన్ కాదు, పెట్టెలోంచి తీసినప్పుడు ఉన్న వెర్షన్ లెక్క. చోటు సరైనదే అయితే, ప్యాచ్ చేసిన ఫైలు బదులు అసలు ఫైలే మళ్లీ ఎక్కించారేమో చూసుకోండి. నవ్వకండి, చాలామంది చేసే పొరపాటే.

రూట్ వచ్చింది, బ్యాంకు యాప్ తెరుచుకోవట్లేదు

ఆ యాప్‌లు గూగుల్ ప్లే ఇంటిగ్రిటీని (ఫోన్ నమ్మదగినదేనా అని చూసే గూగుల్ తనిఖీ) అడుగుతాయి. అది రూట్‌నే కాదు, బూట్‌లోడర్ తెరిచి ఉందా అన్నది కూడా ఫోన్ చిప్‌లోని తాళంచెవితో సంతకం చేయించి మరీ తెలుసుకుంటుంది. మ్యాజిస్క్‌లో జైగిస్క్ ఆన్ చేసి, డినైలిస్ట్‌లో (రూట్ కనబడకూడని యాప్‌ల జాబితా) ఆ యాప్‌ని చేర్చి, దాని డేటా క్లియర్ చేసి చూడండి. రూట్ కోసం మాత్రమే వెతికే యాప్‌లు దీనితో తెరుచుకుంటాయి. చిప్ సంతకం అడిగేవి తెరుచుకోవు. దాన్ని దాటించే మాడ్యూళ్లు ఈ వారం పనిచేసి వచ్చే వారం ఆగిపోతాయి. జీతం పడే ఖాతా, యూపీఐ ఉన్న ఫోన్‌ని రూట్ చేయొద్దనేదే నా మాట. ప్రయోగాలకి అలమరలో పడున్న పాత ఫోన్ ఉంది కదా. కొన్ని ఫోన్లలో వైడ్‌వైన్ (వీడియోల కాపీ రక్షణ) స్థాయి ఎల్1 నుంచి ఎల్3కి పడిపోయి ఓటీటీలో హెచ్‌డీ కూడా పోతుంది.

అప్‌డేట్ వేశాక రూట్ పోయింది

అప్‌డేట్ కొత్త బూట్ ఇమేజ్ తెస్తుంది, పాత ప్యాచ్ దానితో పోతుంది. రెండు స్లాట్లున్న (సాఫ్ట్‌వేర్ రెండు కాపీలు ఉంచుకునే) ఫోన్ అయితే ముందు మ్యాజిస్క్‌లో అసలు ఇమేజ్‌లు రీస్టోర్ చేయండి, రీస్టార్ట్ చేయకండి. అప్‌డేట్ పూర్తయ్యాక రీస్టార్ట్ బటన్ వదిలేసి మళ్లీ మ్యాజిస్క్‌లోకి వచ్చి, ఇనాక్టివ్ స్లాట్‌లో ఇన్‌స్టాల్ చేయండి. అప్పుడు రీస్టార్ట్.

అప్‌డేట్ నచ్చలేదని పాత వెర్షన్‌కి వెళ్లబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. పాత సాఫ్ట్‌వేర్‌ని అడ్డుకునే యాంటీ రోల్‌బ్యాక్ అనే లెక్క ఫోన్లో ముందుకే నడుస్తుంది. 2018లో రెడ్‌మి నోట్ 5 ప్రోలో అది వచ్చినప్పుడు, పాత మియుఐ (అప్పటి షావోమీ సాఫ్ట్‌వేర్) ఫ్లాష్ చేసి ఫోన్లు పూర్తిగా పోగొట్టుకున్నవాళ్లున్నారు. 2022 ఆగస్టులో ఆండ్రాయిడ్ 13 వేసిన పిక్సెల్ 6, 6 ప్రో, 6ఎలకి ఆండ్రాయిడ్ 12 బూట్‌లోడర్‌తో లేచే దారి మూసుకుపోయింది. షావోమీలో "ఫాస్ట్‌బూట్ గెట్‌వార్ యాంటీ" కొట్టి వచ్చిన అంకె చూసుకుని గానీ వెనక్కి వెళ్లకండి.

కస్టమ్ రామ్ వేస్తుంటే "ఎర్రర్ 7"

కస్టమ్ రామ్ అంటే కంపెనీది కాకుండా వేరేవాళ్లు తయారుచేసిన ఫోన్ సాఫ్ట్‌వేర్. దాన్ని ఎక్కించే రికవరీ మీ ఫోన్ కోడ్‌పేరు, రామ్ ఫైలులోని పేరు పోల్చి చూసి, కలవలేదంటోంది. పోకో ఎఫ్1 కోడ్‌పేరు బెరీలియం, రెడ్‌మి నోట్ 5 ప్రోది వైరెడ్. జిప్ తెరిచి ఆ తనిఖీ గీత చెరిపేయమని చెప్పే వీడియోలు నమ్మొద్దు. తలుపుకి వేసిన గొళ్లెం పీకి లోపలికి దూరడమే అది. సరైన ఫైలు వెతకండి, లేదా రికవరీని కొత్తదానికి మార్చండి.

టీడబ్ల్యూఆర్‌పీ అనే రికవరీలో ఫోల్డర్ల పేర్లన్నీ పిచ్చి అక్షరాలుగా కనబడితే డేటా ఎన్‌క్రిప్షన్ విప్పలేకపోయిందని అర్థం, ఫైళ్లు పాడవ్వలేదు. ఏడీబీ సైడ్‌లోడ్‌తో (కంప్యూటర్ నుంచి నేరుగా ఎక్కించే ఆదేశం) పని కానివ్వండి. లీనియేజ్‌ఓఎస్ అనే కస్టమ్ రామ్ వేశాక ప్లే స్టోర్ లేదంటే అది లేకుండానే వస్తుంది. గూగుల్ యాప్‌ల ప్యాకేజీని రామ్ వేసిన వెంటనే, మొదటిసారి ఆన్ చేయకముందే వేయాలి. ఆ మధ్యలో రికవరీని ఒకసారి రీబూట్ చేయండి. సంతకం సరిపోలేదని అడిగితే అక్కడ మాత్రం అవునని నొక్కొచ్చు.

సిగ్నల్ లేదు, ఐఎంఈఐ సున్నాలు

ఐఎంఈఐ అంటే ఫోన్ గుర్తింపు నంబర్. *#06# కొట్టి చూడండి. మీడియాటెక్ చిప్ ఉన్న ఫోన్లలో ఎస్‌పీ ఫ్లాష్ టూల్‌లో "ఫార్మాట్ ఆల్" నొక్కితే ఎన్‌వీర్యామ్ (ఆ నంబర్ దాచుకునే చోటు) తుడిచిపెట్టుకుపోతుంది. ముందే బ్యాకప్ తీసి ఉంటే తిరిగి ఎక్కించండి. లేకపోతే సర్వీస్ సెంటర్‌కి పెట్టె మీది స్టిక్కర్, బిల్లు తీసుకెళ్లండి. దొరికిన టూల్‌తో ఏదో ఒక నంబర్ రాయకండి. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం ఐఎంఈఐ మార్చితే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా.

విసుగొచ్చింది, మళ్లీ మామూలుగా చేసి తాళం వేసేస్తా

ఇక్కడే నేనొక ఫోన్ పోగొట్టుకున్నాను. ప్యాచ్ చేసిన బూట్ ఇమేజ్ లోపల ఉండగానే లాక్ ఆదేశం కొట్టాను. "మీ పరికరం పాడైంది" అని ఎర్ర తెర వచ్చింది, మళ్లీ తెరుద్దామంటే ఓఈఎం అన్‌లాకింగ్ మీట ఆఫ్‌లో ఉంది, దాన్ని ఆన్ చేయాలంటే ఫోన్ లేవాలి. కాబట్టి ముందు కంపెనీ సాఫ్ట్‌వేర్ మొత్తం, మీ ప్రాంతానిదే, పూర్తిగా ఫ్లాష్ చేయండి. ఫోన్ మామూలుగా లేచిందని చూసుకోండి, ఓఈఎం మీటని ఆన్‌లోనే వదలండి. డేటా ఈసారి కూడా తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి బ్యాకప్ తీసుకున్నాకే "ఫాస్ట్‌బూట్ ఫ్లాషింగ్ లాక్" కొట్టండి. తాళం పడిన ఫోన్ ఒకసారి చక్కగా లేచాక, ఆ మీటని అప్పుడు ఆఫ్ చేసుకోవచ్చు.